అథ శ్రీ తాండూరు శిలా విజయము

కావ్యం మొదలుపెట్టే ముందు ఇష్టదేవతను కొలవడం పెద్దలు పెట్టిన మర్యాద. కనుక, వచ్చినవాళ్ళ కంట పడకుండా తలుపు చాటున ఒదిగి నిలిచేదీ, పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకోబడేదీ, దీపాలు పెట్టాక ముట్టరానిదీ, సాక్షాత్తూ లక్ష్మీస్వరూపమూ అయిన పూలచీపురుకు మొదటి నమస్కారం. వాకిలి ఊడ్చే కొబ్బరి ఈనెల చీపురు ఈవిడకు వరసకు అక్కగారు. ఆవిడకూ నమస్కారమే, కాకపోతే గడప బయటి నుంచే. లోపలికి వస్తే తన వెంట ఎవరిని తీసుకొస్తుందో యుద్ధఘట్టంలో విన్నవించుకుంటాను.

దేవతాస్తుతి తర్వాత కుకవినింద. ఈ కావ్యానికి కుకవులు ఎవరంటే, నిమ్మరసంలో వెనిగర్ కలిపి తుడవండి, నేల అద్దంలా మెరుస్తుంది అని తెల్లారకముందే ఫోనులో సలహాలు పంపేవాళ్ళు. వాళ్ళు నూరేళ్ళు చల్లగా ఉందురుగాక. వాళ్ళ ప్రతిభ రాగిచెంబుల మీద ప్రకాశించుగాక. మా బండల జోలికి రాకుందురుగాక.

ఇక నాయకుడు. ఉత్తమ వంశంలో పుట్టినవాడై ఉండాలన్నారు లాక్షణికులు. మన నాయకుడి వంశవృక్షం ముందు ఏ రాజుగారి వంశవృక్షమైనా నిన్న నాటిన మొలకే. రాక్షసబల్లులు ఇంకా భూమి మీద అడుగు పెట్టని కాలంలో, ఇప్పుడు వికారాబాద్ జిల్లా తాండూరు ఉన్న చోటు నుంచి కర్ణాటకలో కలబురగి జిల్లా షాబాదు దాకా అంతా సముద్రం. పెద్ద లోతులేని సముద్రం. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొర దిగి, పై పొర బరువుకు కింది పొర అణిగి, యుగాలు గడిచాక రాయి అయింది. సముద్రం వెళ్ళిపోయింది. కాగ్నా నది వచ్చి ఆ తావున పారుతూ, పోయి భీమా నదిలో కలుస్తోంది. భూగర్భశాస్త్రం వాళ్ళు కూడా ఈ రాళ్ళకు భీమా పేరే పెట్టారు కనుక నాయకుడి నామధేయంలో వీరరసానికి కొరత లేదు. పద్దెనిమిది వర్ణనలుంటే గాని ప్రబంధం కాదంటారు గదా, సముద్ర వర్ణన ఇక్కడితో అయిపోయిందని మనవి.

పొరలుగా పుట్టినవాడు కనుక పొరలుగానే విడతాడు. గనిలో గడ్డపార మొన సరైన సందులో పడితే చాలు, పుస్తకంలో పుట తిరిగినట్టు పలక పైకి లేస్తుంది. నీలమో బూడిదో చెప్పలేని రంగు ఒకటి, పసుపుపచ్చ ఒకటి. తోడబుట్టినవాళ్ళలో అదృష్టం లేనివాళ్ళు పక్కనే ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకు పోయి, కొలిమిలో 1450 డిగ్రీల సెగకు కాగి, క్లింకరై, పొడై, బస్తాలకెక్కారు. మనవాడు చెక్కుచెదరకుండా లారీ ఎక్కి, హైదరాబాదులో ఒక మధ్యతరగతి ఇంటి హాలులో, ఆ సిమెంటు మీదనే వెల్లకిలా పడుకుని, అన్నదమ్ముల సమాగమం చేసుకున్నాడు.

దాయాదులు చాలామంది. నంద్యాల జిల్లా బేతంచెర్ల బండలది ఇదే సున్నపు గోత్రం. కడప నల్లబండ కూడా అంతే, ఎన్నో ఇళ్ళలో వంటింటి గట్టు మీద పట్టాభిషేకం చేయించుకున్నాడు, ఇల్లాలు నెలకోసారి కొబ్బరినూనె రాసి అభ్యంగన స్నానం చేయిస్తుంది, ఆ నూనెకు దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది, అది వేరే సంగతి. తాజ్‌మహల్ కట్టిన మక్రానా పాలరాయి ఈ వంశంలో జమీందారీ శాఖ. వంశపు జబ్బు మాత్రం అందరికీ ఒకటే. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే నల్ల గెలాక్సీ బండ వీళ్ళకు చుట్టం కాదు. ఆయన భూగర్భపు అగ్నిలోంచి పుట్టినవాడు, వంటింటి పులుపును చూసి నవ్వుతాడు. అలాంటివాడి మీద కావ్యం రాయడం దండగ. కష్టం లేని నాయకుడి కథ ఎవరు వింటారు?

ప్రతి వీరుడికీ ఒక ఆయువుపట్టు ఉంటుంది. దుర్యోధనుడికి తొడ. మనవాడికి ఒళ్ళంతా. చూస్తే రాయి, మోస్తే రాయి, కాలి బొటనవేలు తగిలితే మరీ రాయి. కానీ 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ పండితుడు ఖనిజాలను పిలిచి, ఎవరు ఎవరిని గీకగలరో చూసి, 1 నుంచి 10 దాకా పీటలు వేశాడు. వజ్రానికి పదో పీట. సున్నపురాయికి ప్రాణమైన కాల్సైటుకు మూడో పీట. ఏడో పీట మీద కూర్చున్నదెవరయ్యా అంటే క్వార్ట్జ్, అనగా మన వీధిలో, మన చెప్పు అడుగున, మన కంటికి ఆనకుండా ఉన్న ఇసుక రేణువు. ఒక్కసారి ఆలోచించండి. ఏనుగు బరువు మోసే బండ, చీమ తల అంత లేని ఇసుక పలుకు ముందు నాలుగు పీటలు కింద కూర్చోవాలి. మోస్ గారి సభలో బరువుకు విలువ లేదు.

అందుచేత ఈ కోటకు ద్వారపాలకులు కావాలి. జయుడు గడప బయట, కొబ్బరిపీచుతో నేసిన గరుకు దేహం, సమస్త పాదరక్షా సంలగ్న రేణు సంహార దీక్షితుడు. విజయుడు గడప లోపల, పాత నూలు బట్టతో కుట్టిన మెత్తని పట్టా, జయుణ్ణి ఏమార్చి వచ్చిన తడినీ ధూళినీ కడతేర్చువాడు. వీళ్ళకు జీతం లేదు, బత్తెం లేదు, పండక్కి కొత్త బట్ట లేదు. నేల మెరిసినప్పుడు పొగిడేది నేలను తుడిచిన మందును. నా తీర్పు అడిగితే, బండల కోసం ఇంట్లో పెట్టిన ఖర్చంతటిలో సార్థకమైంది ఈ రెండు పట్టాల ఖరీదే. వారానికోసారి వీళ్ళను బయటికి తీసుకుపోయి గోడకేసి కొట్టాలి. ద్వారపాలకుడే ఇసుక నిండి శత్రుపక్షం చేరితే ఇక కోట ఏమి నిలుస్తుంది! కొబ్బరి ఈనెల అక్కగారిని లోపలికి రానివ్వకపోవడానికి కారణమూ ఇదే. ఆవిడ పాపం మంచిదే, వాకిట్లోని ఏడో పీట వాళ్ళందరినీ కొంగున కట్టుకొస్తుంది.

ఇసుకతో యుద్ధం నిత్యాగ్నిహోత్రం, వీరులు పుట్టరు, చావరు. అసలైన మహాయుద్ధం ఒక రాత్రి భోజనాల వేళ జరిగింది.

ఆనాటి వంట పప్పుచారు. కందిపప్పు కూడా తాండూరుదే కావడం విధి విలాసం. ఆ సున్నపురాతి నేలల మీద పండే కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే బండకూ పప్పుకూ పుట్టిల్లు ఒకటి. కానీ పప్పు ఒంటరిగా రాలేదు. చింతపండు రసాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఇంగువ ఘుమఘుమలతో, ఎండుమిర్చి కిరీటంతో, కరివేపాకు వింజామరలతో, ఆవగింజల తుపాకీ మోతలతో, ఆవిరి ఛత్రం కింద గిన్నె ఊరేగింపుగా వంటింట్లోంచి హాలులోకి బయలుదేరగా, పెద్ద మనవడి క్రికెట్ బంతి దారికి అడ్డంగా దొర్లగా, కోడలి కాలు ఒక్క క్షణం తడబడగా, గరిటె తూలగా, అయ్యో అని ఇంటిల్లిపాదీ అరవగా, దాదాపు దోసెడు పప్పుచారు ఆకాశమార్గాన పయనించి సోఫా వెనక నేల మీద వాలింది.

గిన్నె దక్కింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కనిపించినంత మేర కోడలు తుడిచింది. సోఫా కిందికి జారిన నాలుగు చుక్కలను ఎవరూ చూడలేదు. అవి ఆ రాత్రంతా పని చేశాయి.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, వెనిగర్లో అసెటిక్ ఆమ్లం. ఏదైనా సరే, సున్నపురాతిని తాకితే దాన్ని కరిగించి, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల దగ్గర బేలం గుహలు చూసినవాళ్ళకు ఈ పని తాలూకు పెద్ద నమూనా తెలిసే ఉంటుంది. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న ఆ వాయువునే కాస్త కలుపుకుని, పులుపు అనిపించనంత పులుపుతో నల్లటి సున్నపురాతిని తొలుచుకుంటూ పోయి, 3229 మీటర్ల పొడవున సొరంగాలు చేసింది. వాననీటికి లక్షల ఏళ్ళ తీరిక ఉంది. పప్పుచారుకు అంత తీరిక లేదు, తెల్లారేసరికి ముగించింది.

ఉదయం సోఫా జరిపి చూస్తే నీలపు బండ మీద నాలుగు వెలిసిన మచ్చలు. చెయ్యి పెట్టి తడిమితే నున్నదనం పోయింది. ఇటువంటి శోకఘట్టంలో పద్యం లేకపోతే సంప్రదాయం ఒప్పుకోదు కనుక ఈ రచయిత సొంతంగా ఒక ఆటవెలది కట్టాడు:

పులుసు చుక్క రాలి పోగొట్టె మెరుపెల్ల
మరక కాదు, తోమ మాయదదియు
బండ తాను కరిగి పల్లమై పోయెను
పోయినట్టి రాయి పూడునెట్లు!

యతులన్నీ కుదిరాయి. బండ కుదరలేదు.

అప్పుడు మంత్రాంగం జరిగింది. మామగారు వాలుకుర్చీలో, అత్తగారు మంచం పట్టె మీద, కోడలు గుమ్మంలో, కొడుకు ఫోనులో. మచ్చ అంటే మురికే అని సభ మొదటే తీర్మానించేసింది. అనర్థమంతా అక్కడే ఉంది. మురికి అంటే పైన చేరినది, తీస్తే పోతుంది. ఇది చేరినది కాదు, పోయినది. ఈ తేడా తెలియక ఎన్ని ఇళ్ళలో ఎన్ని బండలు బలయ్యాయో!

కొడుకు బట్టల సబ్బుపొడి అన్నాడు. కోడలు వంటసోడా అంది. అత్తగారు స్టీలు పీచు తెమ్మంది. "ఎందుకొచ్చిన గొడవ, బాత్రూంలో సీసా ఉందిగా, రెండు చుక్కలు పోస్తే చచ్చినట్టు పోతుంది," అన్నారు మామగారు. అన్నాక ఆగే మనిషి కాదు. లేచారు. సీసా తెచ్చారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లగర్భం, దుర్గంధ ధ్వజం, సిరామిక్ లోక పూజితమైన ఆ బ్రహ్మాస్త్రం మూత విప్పారు.

ఇల్లు తుడవడానికి వచ్చిన యాదమ్మ చేతిలో తడిబట్టతో నిలబడి అంతా చూస్తోంది. "అయ్యగారూ, దాని జోలికి పోకుండ్రి. బండ తెల్లబడతది. మంచినీళ్ళతో తుడిస్తే సాలు," అంది. ప్రతి సభలోనూ ఒక విదురుడు ఉంటాడు. ప్రతి సభా విదురుడు చెప్పింది విని, తల ఊపి, చేయదలచుకున్నదే చేస్తుంది.

అస్త్రం పడింది. బుసబుసమంటూ నురుగు పొంగింది. "చూశావా, మురికి ఎలా పోతోందో!" అన్నారు మామగారు గర్వంగా. పోతున్నది మురికి కాదు, బండ. ఆ నురుగులో ఒక్కొక్క బుడగా సముద్రకాలం నాటి సున్నం విడిచిన ఊపిరి. నీళ్ళు పోసి కడిగేసరికి నాలుగు మచ్చల స్థానంలో ఒక విస్తరి వెడల్పున తెల్లటి మైదానం వెలసింది. మామగారు సీసాకు మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు పేపరు తీశారు. అత్తగారు మాత్రం సోఫాను మళ్ళీ జరిపి, ఆ మైదానం మీద పెట్టించింది. రాజ్యాలు తమ పరాజయాలను దాచుకునే తీరు ఇదే.

యాదమ్మ నీతి ఇప్పుడైనా వినదగ్గది. ముందు పొడిగా ఊడ్చాలి, ఇసుక ఉండగా తడిబట్ట వేస్తే ఆ బట్టే ఉప్పుకాగితమై గీకుతుంది. ఆ తర్వాత మామూలు నీళ్ళు. మరీ జిడ్డుగా ఉంటే పులుపూ క్షారమూ లేని మెత్తటి సబ్బు ఒక్క మూతెడు, అంతే. బట్టను గట్టిగా పిండాలి. బకెట్లో నీళ్ళు నల్లబడ్డాక కూడా తుడవడం సాగిస్తే హాలులోని మురికిని పడగ్గదికి బదిలీ చేయడమే, ప్రభుత్వ కార్యాలయాల పద్ధతి. చివరికి పొడిబట్ట. సబ్బుపొడి దండిగా వేస్తే అది కడిగినా పోకుండా పలచటి పొరగా మిగిలి, కాళ్ళ మురికినంతా పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. పులుపు పడితే చూసిన క్షణమే అద్దాలి. రుద్దకూడదు, రుద్దితే శత్రువుకు మరింత రాజ్యం ఇచ్చినట్టు.

చిన్నా చితకా శత్రువులు ఇంకా ఉన్నారు. పూజగదిలో కుందిలోంచి జారిన నూనె బండలోకి ఇంకి నల్లటి ద్వీపం కట్టింది. దానికి చికిత్స రాజవైద్యమే. ఆగ్రాలో పురావస్తు శాఖవాళ్ళు తాజ్‌మహల్ గోడలకు ముల్తానీ మట్టి మెత్తి, ఆరనిచ్చి, కడిగి, పసుపు తేలిన పాలరాతికి మళ్ళీ తెలుపు తెస్తారు. మనమూ ముల్తానీ మట్టో వంటసోడానో ముద్దగా కలిపి నూనె మరక మీద వేలెడు మందాన పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఒక రోజంతా వదిలి, తర్వాత కాగితం తీసి ఆరనిస్తే, ముద్ద ఆరుతూ ఆరుతూ నూనెను పైకి లాక్కుంటుంది. ఒక్కసారికి పూర్తిగా పోదు. షాజహాన్‌కు దక్కిన మర్యాద అత్తగారి దీపపు కుందికీ దక్కిందని చెప్పుకోవడానికి ఆ మాత్రం ఓపిక పట్టవచ్చు.

గడపకు రాసిన పసుపు జారి హాలు అంచున చార కట్టింది. దీనికి ఏ మందూ అక్కర్లేదు. ఇక్కడ సూర్యోదయ వర్ణన వస్తుంది: తూర్పు కిటికీ రెక్క తెరవగా, అరుణకిరణాలు లోపలికి దూకి, పసుపులోని కుర్కుమిన్ రంగును రోజుకింత చొప్పున తినేస్తాయి. ఇంకా, పాతాళం నుంచి వచ్చేవాడు ఒకడున్నాడు. కింది అంతస్తు ఇళ్ళలో నేలచెమ్మ ఉప్పును మోసుకుంటూ బండల సందుల్లోంచి పైకి పాకి, తాను ఆవిరై, ఉప్పును తెల్లటి పొడిగా వదిలిపోతుంది. నీళ్ళు పోస్తే కరిగి మళ్ళీ కిందికే దిగి దాక్కుంటాడు. పొడి బ్రష్షుతో ఊడ్చి బయట పారెయ్యాలి.

వీళ్ళందరిలో నాకు భయం గ్యాస్ సిలిండరంటే. లోపల 14.2 కిలోల గ్యాసు, పైన ఇనుప దేహం, అడుగున ఇనుప వలయం. వంటింట్లో తడినేల మీద కూర్చుని, ఎక్కడ కూర్చుంటే అక్కడ గుండ్రటి తుప్పు రాజముద్ర వేసి మరీ లేస్తుంది. ఆ తుప్పును తీసే మందుల్లో చాలావరకు పులుపు జాతివే, ముద్రతోపాటు రాజ్యమూ పోతుంది. చక్రాల పీట కొని దాని మీద ఊరేగించడమే మేలు. సార్వభౌముడు నేల మీద కాలు పెట్టకూడదు కూడాను.

కొడుకు ఒకనాడు సీలర్ అనే కవచం తెప్పించాడు. సున్నపురాతి రంధ్రాల్లోకి ఇంకి, నీటినీ నూనెనూ లోపలికి దిగనీయదు. బండ మీద నీటిచుక్క వేసి చూడండి. కాసేపటికి ఆ చోటు ముదురు రంగుకు తిరిగితే కవచం లేదన్నమాట, ముత్యంలా నిలబడితే ఉన్నట్టు. మంచిదే. అయితే ఇది కర్ణుడి కవచం కాదు, దీనికి ఒక లోటు ఉంది, అది పులుపును ఆపలేదు. పులుపు రంధ్రాల్లో దూరదు, ఎదురుగా నిలబడి రాతినే తింటుంది. కవచం ఉంది కదా అని నిమ్మకాయ పులిహోర నేల మీద కలిపిన వాళ్ళను నేనెరుగుదును.

చిన్నమ్మాయి పెళ్ళి కుదిరింది. సోఫా కదపక తప్పదు, మైదానం బయటపడక తప్పదు. దండయాత్రకు ముహూర్తం పెట్టారు.

పాలిష్ వాళ్ళు వచ్చారు. పాలిష్ మిషన్ వాకిట్లో దిగగానే వీధి కుక్కలు దారి ఇచ్చాయి. ఇంట్లోని సమస్త సామాను మేడ మీదికి వలసపోయింది, ఇంటివాళ్ళు మేనత్త ఇంటికి అజ్ఞాతవాసం వెళ్ళారు, మామగారు ఒక్కరే పర్యవేక్షకులుగా కుర్చీ వేసుకుని వరండాలో మిగిలారు. గదుల్లో నీళ్ళు పారించి, గరుకు రాయి బిగించి, మోటారు తిప్పారు. అహో, ఆ ఘోష! ఆ బూడిదరంగు బురద వరద! గుమ్మాలు దాటి బురద గోడలకు చిమ్మింది. గరుకు రాయి తర్వాత నున్న రాయి, దాని తర్వాత ఇంకా నున్నది, నంబరు పెరిగేకొద్దీ గీత సన్నబడుతుంది. ఆ నంబర్ల మెట్లు ఒక్కటి తప్పినా పై మెరుపు కింద గీతలు మిగులుతాయి. పూడదనుకున్న పల్లాన్ని పూడ్చలేదు వాళ్ళు. చుట్టూ ఉన్న నేలనంతా దాని మట్టానికి దించారు. యుద్ధనీతి అంటే అదీ! ప్రతి పాలిష్‌కీ బండ ఒక పొర ఇచ్చుకుంటుంది కనుక దీన్ని ఏటేటా చేసే వ్రతంగా పెట్టుకోకూడదు.

మూడో రోజుకు ఇల్లు చెరువయింది, ఇంటివాళ్ళు తిరిగొచ్చారు. దీపం పెడితే కింద ఇంకో దీపం. వైశాఖ మధ్యాహ్నం ఫ్యాను కింద చాపైనా లేకుండా బండ మీద వాలిన మామగారి వీపుకు నాయకుడు చేసిన శీతలోపచారం వర్ణించడానికి శృంగార నైషధమంత అవకాశం కావాలి. సరిగ్గా ఆ వేళకే వీధి తలుపు చప్పుడైంది. అత్తగారి తమ్ముడు రెండు గంపల నిండా పచ్చి మామిడికాయలతో దిగాడు. ఆవకాయకు, పెళ్ళికి, మొత్తానికి. కత్తిపీటలు రెండు, పులుపు చిమ్మే ముక్కలు వందలు, జీడి రసం వేరే.

"హాల్లో పెట్టనా అక్కయ్యా? చల్లగా ఉంది."

"గడప దాటావంటే ఊరుకోను!" అని అత్తగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "పెరట్లోకి పదండి, అందరూ. ఏమండీ, లేవండి, మీరు కూడా. నేల మీద ఒక్క చుక్క పడడానికి వీల్లేదు."

మామగారు కత్తిపీట భుజాన వేసుకుని ఎండలోకి నడిచారు. పెరడంతా సిమెంటు గచ్చు. అదీ ఆ సున్నపు వంశమేననీ, పులుపు దానికీ పడదనీ అత్తగారికి ఎవరూ చెప్పలేదు.